సెల్లులో వేలం.. రూల్స్ తెలిసినోళ్లదే బేరం

మీ ఇంట్లో పల్లి పండిస్తారా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో డిగ్రీ, బీటెక్ చదువుతున్నవాళ్లలో చాలామంది ‘అవును’ అనే అంటారు. అయితే ఇంకో ప్రశ్న. యాసంగి పంటను నాన్న మార్కెట్ యార్డుకు తీసుకెళ్లి కుప్ప పోశాక, దాని ధర ఎట్లా తేలుతుందో మీకు తెలుసా? ‘ఆన్‌లైన్‌లో కోట్ చేస్తారు, తర్వాత రేటు చెబుతారు’ అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఐపీఎల్ వేలంలో ఏ జట్టు దగ్గర ఎన్ని కోట్లు మిగిలాయో, ఏ ఆటగాడికి ఎంతదాకా పాడగలరో వేళ్ల మీద లెక్కేసి చెప్పే కుర్రాళ్లు కూడా, సొంతింటి పంట వేలం రూల్స్ అడిగితే తెల్లమొహం వేస్తారు.

వేలం ఫోన్‌లోకి వచ్చినంత మాత్రాన న్యాయమైన ధర దానంతటదే రాదు. ధరను తేల్చేవి రెండు: పాటకు ఎంతమంది వచ్చారు, ఏ రూలు ప్రకారం పాడారు. ఈ రెండూ అర్థమైనవాళ్లు అమ్మేచోట నష్టపోరు, కొనేచోట చేయి కాల్చుకోరు. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఇది ఇంట్లో పనికొచ్చే జ్ఞానమే కాదు, రెజ్యూమెలో రాసుకోదగ్గ నైపుణ్యం కూడా.

యార్డులో జరిగేది ఇదీ

కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ పేరుతో జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను ప్రారంభించింది. మొదటి విడతలో 8 రాష్ట్రాల నుంచి 21 మార్కెట్లు చేరాయి. తెలంగాణ నుంచి చేరిన వాటిలో ఉమ్మడి పాలమూరులోని బాదేపల్లి, అంటే మన జడ్చర్ల యార్డు కూడా ఉంది. తర్వాత రాష్ట్రంలో ఈ-నామ్ మార్కెట్ల సంఖ్య 57కు చేరింది.

పద్ధతి సులువే. గేటు దగ్గర సరుకు వివరాలు నమోదు చేసి లాట్ నంబర్ ఇస్తారు. శాంపిల్ తీసి తేమ, నాణ్యత చూస్తారు. లైసెన్సున్న వ్యాపారులు కుప్పల దగ్గర తిరిగి, కాయ ఒలిచి, గింజ చూసుకుని, గడువులోగా ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ధర వేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ ధర వేసినవారికి లాట్ ఖాయమవుతుంది. ధర నచ్చకపోతే ‘నేను అమ్మను’ అనే హక్కు రైతుకు ఉంది. ఒప్పుకుంటే కాంటా, తక్‌పట్టీ, డబ్బు.

ఇక్కడ గమనించాల్సిన రూలు ఒకటుంది. వినాయకుడి లడ్డూ వేలంలో అందరి ముందే పాడతారు. పక్కవాడి పాట వినపడుతుంది కాబట్టి పట్టుదల పెరుగుతుంది. బాలాపూర్ లడ్డూ 1994లో రూ.450కి పోయి, 2024లో రూ.30.01 లక్షలకు చేరింది కూడా ఆ బహిరంగ పాటలోనే. దాన్ని తెరిచిన పాట అనుకుందాం. యార్డులో నడిచేది మూసిన పాట. పక్క వ్యాపారి ఎంత వేశాడో ఇంకొకరికి తెలియదు. గెలిచినవాడు తాను వేసినంతా చెల్లించాలి. ఈ చిన్న తేడాతో వ్యాపారి ఆలోచనే మారిపోతుంది.

వ్యాపారి మనసులో లెక్క

ఒక ఊహా లెక్క వేద్దాం. ఫలానా లాట్ క్వింటాల్ విలువ ఒక్కో వ్యాపారికి రూ.6,500 నుంచి రూ.7,500 మధ్య ఎంతైనా ఉండొచ్చు. ఒకరికి మిల్లు ఆర్డర్ చేతిలో ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. అందులో ఒక వ్యాపారికి ఈ లాట్ రూ.7,300 దాకా గిట్టుబాటు అవుతుంది. మరి ఆయన రూ.7,300 వేస్తాడా? వేయడు. అంత వేస్తే గెలిచినా మిగిలేది సున్నా. కాబట్టి ఎంతో కొంత తగ్గించే వేస్తాడు. ఎంత తగ్గిస్తాడన్నది ఎదురుగా ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

వేలం లెక్కల ప్రకారం, పోటీకి ఒక్కడే ఉంటే ఆయనకు లాభసాటి బిడ్డు సుమారు రూ.6,900. నలుగురు పోటీదారులుంటే రూ.7,140. తొమ్మిది మంది ఉంటే రూ.7,220. సరుకు అదే, యాప్ అదే, వ్యాపారీ అతనే. మారింది పక్కన నిలబడ్డవాళ్ల సంఖ్య మాత్రమే. ఇద్దరు పాడిన చోటికీ ఐదుగురు పాడిన చోటికీ తేడా క్వింటాల్‌కు రూ.240. ముప్పై క్వింటాళ్లు తెచ్చిన రైతుకు అది రూ.7,200. మీ హాస్టల్ ఖర్చులతో ఒకసారి పోల్చి చూడండి.

ఇందులో వ్యాపారి తప్పేమీ లేదు. తక్కువకు కొనాలని చూడటం ఆయన పని. ఎక్కువమంది వచ్చేలా చూడటం మార్కెట్ పని. అసలు తప్పు మొదలయ్యేది ఆ కొద్దిమంది కూడా ముందే మాట్లాడేసుకున్నప్పుడు. ‘ఈ లాట్ నీది, ఆ లాట్ నాది’ అని పంచుకుంటే, మిగతావాళ్లు పేరుకు మాత్రమే తక్కువ ధర వేస్తారు. తెర మీద ఐదు బిడ్లుంటాయి, పోటీ మాత్రం ఉండదు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఇట్లాంటి కుమ్మక్కు బిడ్డింగ్‌ను నిషేధించింది. కానీ కుమ్మక్కును సాఫ్ట్‌వేర్ దానంతటదే పట్టుకోలేదు. టీ కొట్టు దగ్గర జరిగిన మాట సర్వర్‌లో రికార్డు కాదు కదా!

2024 ఫిబ్రవరిలో అచ్చంపేట మార్కెట్ యార్డులో వేరుశనగకు ధర తగ్గించేశారని రైతులు ఆందోళనకు దిగడం, కార్యాలయంలో ఫర్నిచర్ ధ్వంసం కావడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వ్యాపారులు కూడబలుక్కున్నారన్నది ఆనాటి రైతుల ఆరోపణ. కుర్చీలు విరగ్గొడితే ధర పెరగదు, కేసులు మాత్రం పెరుగుతాయి. అయితే ఆ కోపం వెనక ఒక న్యాయమైన ప్రశ్న ఉంది: ‘నా లాట్‌కు అసలు ఎంతమంది పాడారు?’ ఆ ప్రశ్నను కాగితం మీద, లెక్కలతో అడగగలిగేది చదువుకున్న మీరే.

పక్క రాష్ట్రం ఏం చేసింది?

గద్వాల నుంచి రాయచూరు మార్కెట్‌కు సరుకు తీసుకెళ్లే రైతులకు కర్ణాటక పద్ధతి కొత్త కాదు. ఆ రాష్ట్రం ఈ-నామ్ కంటే ముందే, 2014లో తన మార్కెట్లను ఒకే ఆన్‌లైన్ వేదిక కిందికి తేవడం మొదలుపెట్టింది. దాని ఫలితాలపై పరిశోధకులు చేసిన అధ్యయనం 2020లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. ఆ వేదిక వల్ల వేరుశనగ ధర 3.6 శాతం, వరి ధర 5.1 శాతం, మొక్కజొన్న ధర 3.5 శాతం పెరిగాయని అందులో తేలింది. చూడటానికి చిన్న అంకెలే. కానీ ఖర్చులు పోను రైతుకు మిగిలేదే తక్కువ కాబట్టి, ధరలో ఈ కొద్దిపాటి పెరుగుదల కూడా లాభంలో చాలా పెద్దదవుతుంది.

ఆ పరిశోధకులే కర్ణాటకలో ఇంకో ప్రయోగం కూడా చేయించారు. మొదటి దశలో అందరూ ధర వేస్తారు. పైన ఉన్న కొద్దిమందిని రెండో దశకు పిలిచి, ఇంకోసారి పెంచుకునే అవకాశం ఇస్తారు. ‘ఫైనల్‌కు వచ్చాం, వదులుకుంటామా’ అన్న పోటీతో రైతుకు మెరుగైన ధర దక్కింది. కొత్త యార్డు కట్టలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. మార్చింది రూలు ఒక్కటే. మన యార్డుల్లోనూ దీన్ని ప్రయత్నించి చూడటానికి అడ్డేముంది?

మీరు కొనేవాళ్లయితే..

ఇప్పటిదాకా అమ్మేవాడి వైపు నుంచి చూశాం. రేపు మీరే కొనేవాళ్లు కావొచ్చు. బ్యాంకు వేలంలో ఇల్లో, ప్రభుత్వ సంస్థల పాత సామానో, బండికి ఫ్యాన్సీ నంబరో. ఎక్కడ పాడినా మొదట అడగాల్సినవి నాలుగు ప్రశ్నలు.

మొదటిది: తెరిచిన పాటా, మూసిన పాటా? మూసిన పాటలో ఒక్కటే అవకాశం. అక్కడ గుండు సంఖ్య వేయడం అమాయకత్వం. ‘పాతిక లక్షలు’ అని మీకు తోచినట్టే ఎదుటివాడికీ తోస్తుంది. 2024 ఆగస్టులో హైదరాబాద్‌లో టీజీ 09 9999 నంబర్ ఎంతకు పోయిందో తెలుసా? రూ.25,50,002. ఆ చివరి రెండు రూపాయలు ఊరికే వేసినవి కావు. సరిసమానంగా వచ్చే బిడ్డును దాటడానికి అది పాత చిట్కా. మన టీజీ 31, 32, 33 నంబర్లకు అంత గిరాకీ లేకపోవచ్చు కానీ సూత్రం ఒక్కటే.

రెండోది: గెలిస్తే ఏ ధర కట్టాలి? అన్ని వేలాల్లోనూ గెలిచినవాడు తన ధరే కట్టడు. రెండో స్థానంలో ఉన్న ధర కట్టే పద్ధతి కూడా ఉంది. అట్లాంటి చోట దాపరికం అవసరం లేదని, అసలు విలువ వేయడమే మేలని విలియం విక్రీ 1961లో లెక్కతో నిరూపించారు. 1996లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈబేలో ‘నా గరిష్ఠం ఇంత’ అని ఒకసారి చెబితే, అవసరమైన మేరకే సిస్టమ్ మీ తరఫున పెంచుకుంటూ పోతుంది. ఇదీ ఇంచుమించు ఆ ఆలోచనే. వేలాల మీద పని చేసిన పాల్ మిల్‌గ్రామ్, రాబర్ట్ విల్సన్‌లకు 2020లో నోబెల్ దక్కింది. కామర్స్, ఎకనామిక్స్ విద్యార్థులు ఈ పేర్లు గుర్తుపెట్టుకుంటే ఇంటర్వ్యూలో అక్కరకొస్తాయి.

మూడోది: గడువు ఎట్లా ముగుస్తుంది? గంట కొట్టగానే ముగిసే వేలంలో చాలామంది చివరి సెకన్ల దాకా ఆగి బిడ్డు వేస్తారు. ఎదుటివాడికి తేరుకునే సమయం ఇవ్వకూడదన్నది ఎత్తు. అదే, చివరి నిమిషాల్లో బిడ్డు వస్తే గడువు మళ్లీ పెరిగే వేలంలో ఈ ఎత్తు పారదు. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఈబేను, అప్పటి అమెజాన్ వేలాలను పోల్చి ఈ తేడానే చూపించారు. గడువు కచ్చితంగా ముగిసే ఈబేలో చివరి నిమిషం బిడ్లు ఎక్కువ, గడువు పెరిగే అమెజాన్‌లో తక్కువ. మన ఈ-వేలాల్లో చాలాచోట్ల గడువు పొడిగింపు నిబంధన ఉంటుంది. నోటీసులో చదవకుండా ‘లాస్ట్‌లో కొడదాం’ అని కూర్చుంటే ఎత్తు బెడిసికొడుతుంది. పైగా, చివరి నిమిషంలో ఊళ్లో నెట్ పోయిందంటే అంతే సంగతులు.

నాలుగోది: గెలిచాక వెనక్కి తగ్గితే ఏమవుతుంది? అన్నిటికంటే ఖరీదైన ప్రశ్న ఇదే. సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు, స్థలం లాంటి స్థిరాస్తిని వేలం వేస్తే, గెలిచినవారు ధరావత్తుతో కలిపి 25 శాతం అదే రోజు, లేదంటే మరుసటి పనిదినంలోగా కట్టాలి. మిగతా 75 శాతం సాధారణంగా 15 రోజుల్లో. కట్టలేకపోతే కట్టింది జప్తు. ఇట్లా 25 శాతం జప్తు చేయడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. ‘లోన్ వస్తుందిలే’ అన్న ధీమాతో పాడకండి. లోన్ సంగతి ముందే తేల్చుకోండి. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని నోటీసులో ఉంటే, ఆస్తి మీద కరెంటు బాకీలు, పన్నులు, అందులో ఉన్న అద్దెదారు ఎవరన్నది చూసుకోవాల్సింది మీరే. ఇంకో మాట. సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ‘ఆ చట్టం కింద బ్యాంకు పొలం వేలం వేస్తోంది, చవగ్గా ఇప్పిస్తా’ అని ఎవరైనా వస్తే, అక్కడే అనుమానించండి.

ఈ నాలుగింటి తర్వాత మీ మీద మీకు ఉండాల్సిన అదుపు ఒకటుంది. పాటకు ముందే గరిష్ఠ ధరను కాగితం మీద రాసుకోండి. ఎందుకంటే వేలంలో గెలిచేది చాలాసార్లు ఆ వస్తువు విలువను అందరికంటే ఎక్కువగా ఊహించుకున్నవాడు. అంటే, అందరికంటే ఎక్కువ పొరబడినవాడు కూడా కావొచ్చు. చమురు బావుల వేలాల్లో గెలిచిన కంపెనీలు ఎందుకు నష్టపోతున్నాయని 1971లో అమెరికా ఇంజనీర్లు లెక్కలేస్తే తేలింది ఇదే. దీన్ని ‘విజేత శాపం’ అంటారు. పాత ట్రాక్టర్ వేలంలో అందరూ రెండు లక్షల దగ్గర ఆగిపోయి మీరొక్కరే మూడు లక్షలు అన్నారనుకోండి. సంబరపడే ముందు ‘వాళ్లకు తెలిసింది నాకు తెలియనిదేంటి’ అని ఒక్క క్షణం ఆలోచించండి.

ధర కిందికి దిగే వేలం

ఇంకో రకం ఉంది. అందులో కొనేవాడు ఒక్కడే, అమ్మేవాళ్లు చాలామంది. ధర పైకి కాదు, కిందికి దిగుతుంది. దాన్నే రివర్స్ ఆక్షన్ అంటారు. ప్రభుత్వ కార్యాలయాల కొనుగోళ్ల కోసం 2016 ఆగస్టులో మొదలైన జెమ్ పోర్టల్‌లో ఇది నడుస్తుంది. కుర్చీలు, కంప్యూటర్లు, వాహనాలు, మనుషుల సేవలు కూడా అక్కడ కొంటారు. అర్హతలన్నీ ఉండి అందరికంటే తక్కువ ధర చెప్పినవారిని ఎల్-1 అంటారు. వనపర్తిలో ఫర్నిచర్ షాపు నడిపే మామయ్య అయినా, గద్వాల చేనేత సంఘమైనా అమ్మకందారుగా నమోదు కావొచ్చు. వాళ్లకు లేనిది సరుకు కాదు. పత్రాలు అప్‌లోడ్ చేసి, నిబంధనలు చదివి, ఎంతదాకా దిగొచ్చో లెక్కేసి చెప్పే మనిషి. ఇక్కడా అదే సూత్రం: ఖర్చు లెక్క రాసుకోకుండా దిగుతూ పోతే ఆర్డర్ వస్తుంది, లాభం రాదు.

మరి ఉద్యోగం సంగతి?

గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడొద్దని చెప్పడం లేదు. ఆ ఎదురుచూపుల్లోనే ఈ పని నేర్చుకోవచ్చంటున్నా. కంపెనీల కొనుగోలు విభాగాల్లో, కాంట్రాక్టు సంస్థల్లో బిడ్లు తయారుచేసేవాళ్లు కావాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు నాణ్యత చూసి, లాట్లు విడదీసి, రోజువారీ ధరలు గమనించి ‘ఈరోజు ఆగుదాం’ అనో ‘అమ్మేద్దాం’ అనో చెప్పగలిగేవాళ్లు కావాలి. అగ్రికల్చర్, కెమిస్ట్రీ చదివినవారికి నాణ్యత పరీక్షలు, కామర్స్ వారికి ధరల లెక్కలు, కంప్యూటర్స్ వారికి డేటా. యార్డులో ప్రతి చదువుకూ ఒక మూల పని ఉంది. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్ట్ ఏమిటి’ అని అడిగితే, ఆన్‌లైన్‌లో కొన్న రెడీమేడ్ ప్రాజెక్ట్ చెప్పేవాడికంటే ‘మా యార్డులో మూడు నెలల వేరుశనగ ధరలు తీసుకుని, వచ్చిన సరుకుతో పోల్చి చూశాను’ అనేవాడి మాట నిలబడుతుంది.

ఇంట్లోంచే మొదలుపెట్టండి. పంట అమ్మే వారం ముందు నుంచి ఈ-నామ్‌లో ధరలు చూడండి. గరిష్ఠ ధర చూసి మురిసిపోవద్దు. అది ఒక్క లాట్‌ది కావొచ్చు. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో చెప్పే మోడల్ ధర చూడండి. జడ్చర్ల ధరతో, దారి ఖర్చు తీసేసి పోల్చండి. కేంద్రం వేరుశనగకు 2024-25లో రూ.6,783, 2025-26లో రూ.7,263 మద్దతు ధర ప్రకటించింది. అయితే యార్డులో వ్యాపారి వేసే బిడ్డుకు అది దానంతటదే కనీస ధర అయిపోదు. అందుకే కాయ బాగా ఎండబెట్టి, మట్టి లేకుండా చూసి, మంచిదీ నాసిదీ కలపకుండా వేర్వేరు లాట్లు పెట్టించండి. కలిపితే వ్యాపారి నాసిదాన్ని చూసే ధర వేస్తాడు. ధర నచ్చకపోతే ఒప్పుకోనవసరం లేదని నాన్నకు చెప్పండి. ఆ హక్కు ఉందని తెలియకపోతే హక్కు ఉన్నా లేనట్టే.

చివరిగా, మార్కెట్ కమిటీలను అడగాల్సింది ఒకటుంది. ప్రతి లాట్‌కూ ఎంతమంది బిడ్డు వేశారు, మొదటి ధరకూ రెండో ధరకూ తేడా ఎంత అన్నది వేలం ముగిశాక బోర్డు మీద పెట్టమనండి. వ్యాపారుల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఆ వివరాలు ఎట్లాగూ కంప్యూటర్‌లో ఉండేవే, బయటపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అవి బయటికి వస్తే నిజాయతీగా పాడే వ్యాపారికి మంచి పేరు, కూడబలుక్కునేవారికి భయం, రైతుకు నమ్మకం. పదిమంది విద్యార్థులు సంతకాలు పెట్టి ఒక వినతిపత్రం ఇస్తే మొదలయ్యే పని ఇది. ఈ యాసంగి పల్లి యార్డుకు వచ్చేలోపే రాయండి.